అవసానమునకు చోటు

హాంకాంగు పట్టణమున తైపింగ్‌షాన్ అను పేటలో 1851 వ సంవత్సరమున చైనీయులొక చిన్న దేవళము కట్టుకొనిరి. స్థలమొసగినది ఆంగ్ల ప్రభుత్వమే. పరదేశమున దిక్కులేక మరణించినవారి పేళ్లు వ్రాసిన కొయ్యపలకలను నిలిపి, వానికి ధూపదీపములు సమర్పించుటకై యది యేర్పడినది. 1869 వ సంవత్సరమున, రిజిస్ట్రారు జనరలు పదవియందు తాత్కాలికముగా నున్న ఆల్‌ఫ్రెడ్ లిస్టరు దొర దాని లోపలికి బోయి చూచెను. చావు సమీపించినవారును చచ్చినవారును నొక్కచోటనే పడియుండిరి. చికిత్స లేదు, శుభ్రత లేదు. పత్రికలు గగ్గోలు పెట్టినవి. ఆ పదవికి చైనీయుల సంరక్షకుడను మరియొక బిరుదము గూడ గలదని చదువరులు గమనింతురు గాక. సంరక్షకుని కచ్చేరికిని ఆ దేవళమునకును నడుమ నెంత దూరమున్నదో గాని, దానిని నడచుటకు పదునెనిమిదేండ్లు పట్టినది.

ఈ వృత్తాంతమును చెప్పువారు సాధారణముగా రెండు దారులు త్రొక్కుదురు. మూఢాచారమును శాస్త్రజ్ఞానము జయించినదని కొందరు. పరప్రభుత్వము నిర్దోషమైన యాచారమును నలిపివేసినదని మరికొందరు. సంస్కారాభిమానులకు మొదటి మాట రుచించును, స్వదేశాభిమానులకు రెండవది. నాకు రెండును రుచింపలేదు. ఆ దేవళములో పడియున్న మనుష్యుని వీరిలో నెవ్వరును చూచినట్లు తోచదు.

ఆ మనుష్యుడెవడు? క్వాంగ్‌టుంగు రాష్ట్రపు పల్లెనుండి కూలికై వచ్చి, ఓడరేవులో మూటలు మోసి, పదిమందితో కలిసి యొక యిరుకు గదిలో పలకమీద పండుకొనెడివాడు. ఆలుబిడ్డలు పల్లెలో నుందురు. చైనీయుల మర్యాదనుబట్టి గృహస్థుడు తన యింటి నడిమి చావడిలో, బంధువులు చుట్టునుండగా కన్నుమూయవలెను. అది పుణ్యమరణము. వీధిలో పోయిన ప్రాణమునకు గతి లేదు. అట్టి శవమును తిరిగి గడప దాటింపరు. ఈ మర్యాదకు వెనుక మరియొక భీతి కలదు. పరాయివాడు తన యింట చచ్చిన యెడల ఆ యింటికి కీడు మూడునని యజమానుని నమ్మకము. కావున రోగి కొస ప్రాణముతో నుండగనే యతనిని బయటికి మోయించుచుండెను. ఆ యజమానులును చైనీయులే యని మరువరాదు.

ఈ యాచారమందు ధర్మమొకటి, భయమొకటి పెనవైచికొని యున్నవి. పల్లెలో నవి యొకదానినొకటి అదుపులో పెట్టుకొనును. ఏలన నచ్చట చచ్చువానికి తన చావడి తనకున్నది. రేవుపట్టణమున చావడి లేదు, బంధువులు లేరు. ధర్మము పల్లెలో నిలిచిపోయి భయము మాత్రము ఓడనెక్కి వచ్చినది. కూలివాని బలమును కొనుక్కొని, వానికి పండుకొనుటకొక పలకయు, చచ్చుటకేమియు నియ్యని పట్టణమున నే జాతి యాచారమైనను నిట్లే వికృతి చెందును. మనవారు దీనిని చదివి ముక్కు మూసికొన నవసరము లేదు. అద్దెయింటిలో కాపురమున్నవాడు ఆసుపత్రిలో మరణించినచో, శవమును గడపలోనికి రానీయక వీధిలో నుంచిన యింటివారు మన తెలుగు పట్టణములలో నేటికిని గలరు.

మరి ప్రభుత్వపు ఆసుపత్రి యుండలేదా? ఉండెను. చైనీయులు దాని దరికి పోరైరి. తల్లిదండ్రులిచ్చిన దేహమును చెక్కుచెదరకుండ మన్నుకప్పగించుట పుత్రధర్మమని వారు నమ్మియుండగా, అచ్చట శస్త్రము పెట్టి కోయుదురని ప్రతీతి; చచ్చిన తరువాత గూడ కోయుదురని మరింత ప్రతీతి. ఇది వట్టి పుకారును గాదు. అనుమానాస్పదమైన చావు సంభవించినపుడు శవపరీక్ష చేయుట శాసనసమ్మతమే. అది న్యాయమునకు వలసినదే యని నేనొప్పుకొందును. కాని యా న్యాయమును చైనీయులకు వారి భాషలో బోధించినవాడెవడు? కత్తి కనబడినది, కారణము కనబడలేదు.

గవర్నరు మాక్‌డొనెల్ చేసిన మేలు ఇచ్చట చెప్పదగియున్నది. దేవళమును మూయించి చేతులు కడుగుకొనక, 1870 వ సంవత్సరపు శాసనముచేత చైనీయుల ఆసుపత్రి నొకదానిని స్థాపింపజేసి, 1,15,000 డాలర్లును స్థలమును నొసగెను. ఆ ధనము జూదపుటిండ్ల లైసెన్సుల వలన వచ్చినది! బ్రదికిన కూలివాడు జూదమున నోడిన రూక, చచ్చు కూలివానికి మంచమైనది. తుంగ్ వా అను నా యాసుపత్రి 1872 ఫిబ్రవరి 14 వ తేదీన తెరువబడెను. అందు చైనా వైద్యమే. నడపువారు చైనా వర్తకులే. బీదలకు శవపేటిక నిచ్చుట, పాతిపెట్టించుట, ఎముకలను స్వగ్రామమునకు చేర్చుట గూడ దాని పనులయ్యెను. ఎలిజబెత్ సిన్ అను విదుషి దీని తొలిచరిత్రను 1989 లో గ్రంథముగా ప్రకటించి, దానికి ‘అధికారము, దానము’ అను నర్థమిచ్చు పేరు పెట్టినది. ఆ రెండు మాటల జోడింపు యుక్తము. దానము చేసిన వర్తకులు పెద్దరికమును సంపాదించుకొనిరి. అది వారికి తెలియకపోలేదు. ఐనను కూలివాడు చచ్చుటకు సిగ్గుపడనక్కరలేని చోటొకటి యేర్పడినది.

1894 మే నెలలో మహామారి వచ్చి యీ సంధిని భగ్నము చేసెను. సిపాయిలు ఇల్లిల్లు సోదా చేసి, రోగులను ‘హైజియా’ యను నోడకు తరలించిరి. శవములను సున్నముతో కప్పి పాతిరి. ఆడువారి లోగిళ్లలో పరాయి సోల్జర్లు! నీటిమీద, అన్యుల నడుమ చావు! సున్నమున కరిగిన దేహమునకు స్వగ్రామమెట్లు దక్కును? తుంగ్ వా పెద్దలు మొరపెట్టిరి, జనులు తిరుగబడిరి, ఆసుపత్రి కెదురుగా యుద్ధనౌక నిలిచెను. వేలకొలది జనులు కాంటనుకు పారిపోయిరి. ఆ యేట సుమారు 2,500 మంది మరణించిరి.

ఇచ్చట నేను తుంగ్ వా పెద్దల పక్షమును పూర్తిగా వహింపజాలను. రోగిని దాచిన యిల్లు ఇరుగుపొరుగునకు మృత్యువే. ఆచారగౌరవము పేర పొరుగువాని ప్రాణమును తీయు హక్కు ఎవరికిని లేదు. కాని శాసనకర్తల ధీమాయు నంత పరిపూర్ణమైన జ్ఞానముమీద నిలిచినది కాదు. యెర్సిను పండితుడు ఆ జూను నెలలో హాంకాంగులోనే రోగక్రిమిని కనుగొనెను. ఎలుకమీది చిన్నపురుగు, అనగా ఎలుకగోమారి, దానిని మోయునని సిమోండు 1898 లో గాని చెప్పలేదు. అనగా సోదా చేసినవారు మనుష్యులను పట్టుకొని ఎలుకలను విడిచిరి.

దాని ఫలమేమి? ఇంట చావు జరిగినదని తెలిసిన యెడల సామాను కాల్తురు, గదులు కడుగుదురు, ఉన్నవారిని తరలింతురు. అందుచేత తరువాతి మహామారి సంవత్సరములలో జనులు రాత్రివేళ శవములను మోసికొనిపోయి వీధులలో విడువసాగిరి. తండ్రి దేహమును కంటిరెప్పవలె కాపాడవలెనను జాతి తండ్రిని సందులో పారవైచినది! దీనిని మూఢాచారమందురా? ఆచారము దీనికి సరిగా విరుద్ధము. ఇది శాసనభీతి కన్న బిడ్డ. 1905 మొదలు చైనీయుల పేటలలో చైనీయులే నడపు వైద్యశాలలను పెట్టి, మరణపత్రములకును శవసంస్కారమునకును దారి చూపవలసివచ్చెను. మాక్‌డొనెల్ నేర్పిన పాఠమును ప్రభుత్వమిట్లు ముప్పదియేండ్లకు పైగా గడచిన తరువాత మరల చదువుకొనెను.

ఆ మహామారియే 1896 లో బొంబాయికి వచ్చినది. సోదాలును దానితోనే వచ్చినవి. పూనాలో 1897 జూను 22 వ తేదీన ర్యాండు దొరమీద తుపాకి పేలినది.

తైపింగ్‌షాన్ పేటను ప్రభుత్వము నేలమట్టము చేసెను. దేవళమును మాత్రము 1895 లో చైనీయులు తిరిగి కట్టుకొనిరి. అదిప్పటికిని ఆ వీధిలోనే యున్నది. లోపల నామఫలకములు వరుసలుగా నున్నవి.