చీమల జాబితాలో కొండ ఏది?

భారతదేశపు చీమల జాబితా ఒకటి 2016లో ‘జూకీస్’ అనే శాస్త్రపత్రికలో వెలువడినది. పటియాలాలోని పంజాబీ విశ్వవిద్యాలయానికి చెందిన హిమేందర్ భారతి, మరి ముగ్గురు శాస్త్రజ్ఞులు కలిసి దీనిని కూర్చినారు. 100 ప్రజాతులకు చెందిన 828 జాతుల, ఉపజాతుల పేర్లు ఇందులో ఉన్నవి. బింగ్‌హామ్ 1903లో ప్రకటించిన గ్రంథం తరువాత చెదరిపోయి ఉన్న సమాచారాన్ని ఒకచోట చేర్చి, ఏ చీమ ఏ రాష్ట్రంలో దొరికినదో చూపుట మెచ్చదగిన పని.

అయితే రాష్ట్రమనేది మనం గీసుకున్న గీత. చీమ దానిని ఎరుగదు. 2014లో తెలంగాణ ఏర్పడినప్పుడు పటం మారినది గాని పుట్టలు కదలలేదు. ఆంధ్రప్రదేశ్ అన్న ఒక్క మాటలో నెల్లూరు సముద్రతీరమూ ఉన్నది, 1,600 మీటర్లు దాటిన తూర్పు కనుమల శిఖరాలూ ఉన్నవి. ఈ రెండు చోట్లా చీమల బ్రతుకు ఒకటేనా?

1,000 మీటర్లు పైకి పోతే వేడి సగటున సుమారు 6.5 సెంటీగ్రేడు డిగ్రీలు తగ్గుతుంది. చీమ శరీరానికి స్వంత వెచ్చదనం లేదు. చలిలో దాని పిల్లపురుగులు నెమ్మదిగా పెరుగుతవి. మేతకు తిరిగే వేళ తగ్గుతుంది. అందుచేతనే ఎత్తైన కొండలపై చీమల జాతులు సాధారణంగా తక్కువ.

ఇక చెట్టుచేమల సంగతి. ఆకులను పట్టుతో కలిపి గూడుకట్టే ఎర్రచీమకు పచ్చని చెట్టు కావాలి. గింజలు కూడబెట్టే చీమకు గడ్డినేల కావాలి. ఎత్తునూ చెట్టునూ విడదీసి చూడలేము. బచ్చన్నపేట చెలకలో వేసవి మధ్యాహ్నం వేపనీడ చీమకు రక్ష. చల్లని కొండ అడవిలో దట్టమైన నీడ నేలను వెచ్చబడనీయదు. నీడ ఒకటే, ఫలితాలు రెండు. రాష్ట్రం పేరు ఈ సంగతి చెప్పజాలదు.

ఇది కూర్చినవారి అశ్రద్ధ కాదు. పాత సేకరణలలో పలుమార్లు ఊరి పేరు తప్ప ఎత్తు, చెట్లు, నేల వ్రాసిపెట్టలేదు. లేని సమాచారాన్ని జాబితా ఎక్కడనుండి తెచ్చును?

ఈ లోటు తీర్చే పనిలో పాఠశాలలకూ పాలున్నది. బచ్చన్నపేట చుట్టుప్రక్కల ఎత్తు అంతగా మారదు గనుక చెట్ల ప్రభావాన్ని వేరుగా చూడవచ్చును. వేపచెట్టు క్రింద ఒక గజం నేల, ఆరుబయట ఒక గజం నేల ఎంచుకొని, ఒకే వేళకు ప్రతివారం చీమలను లెక్కించండి. చీమ పేరు తెలియకున్నను దాని చోటును సరిగా వ్రాయండి. పేరు తరువాతనైనా తెలుసుకోవచ్చును. ఆనాటి నీడను తిరిగి తేలేము.