హిరోషిగే వాన, పెడన అద్దకం

జపాన్ చిత్రకారుడు హిరోషిగే 1857లో ఓహషి వంతెన మీద కురిసే జడివానను చిత్రించాడు. విశాఖ మద్దిలపాలెం జంక్షన్‌లో ఉన్నట్టుండి వాన దిగితే జనం ఎలా ముడుచుకుని పరుగెడతారో, ఆ వంతెన మీదా అలాగే. వంతెనది ఒక వాలు, అవతలి గట్టుది మరో వాలు. రెంటికీ నడుమ నది మీద ఒంటరి తెప్ప. బొమ్మలో ఏదీ తిన్నగా నిలబడదు కనుకనే గాలివిసురు మనకు తెలుస్తుంది.

ఆ వాన చుక్కలు కావు, సన్నని గీతలు. కుంచెతోనైతే ఒక్క విసురులో అయిపోతుంది. కానీ ఇది చెక్క పలకల అచ్చుతో తీసిన బొమ్మ. చెర్రీ చెక్క మీద అలా కుదరదు. ప్రతి గీతకూ రెండు పక్కలా చెక్కను తీసేసి, వెంట్రుకంత గట్టును విరగకుండా నిలబెట్టాలి. పైగా ఆ గీతలు రెండు వరసలు, కొద్ది తేడా వాలులో. వానకు లోతు వచ్చింది అక్కడే. పై అంచున నల్లమబ్బు కిందికి దిగేకొద్దీ పలచబడటం అచ్చు వేసేవాడి చలవ. పలక మీది రంగును ప్రతి కాగితానికీ మళ్లీ చేత్తో సరిచేసుకోవాలి. లోకానికి హిరోషిగే పేరే తెలుసు. ఆ వానలో చెక్కినవారికీ అచ్చు వేసినవారికీ సమానవాటా ఉందంటాను.

ఈ విద్యకు మన చుట్టం కృష్ణా జిల్లా పెడనలో బట్ట మీద వేసే కలంకారీ అద్దకం. టేకు అచ్చులు: రేఖలకు ఒకటి, రంగురంగుకూ వేరొకటి. జపాన్‌లో పలక అంచున కోసిన గంటు కాగితాన్ని సరైన చోట కూర్చోబెడుతుంది. పెడనలో ఆ భారం కంటిదీ చేతిదీ. రంగు సంగతి మరీ అబ్బురం. కరక్కాయ, పాలలో నానిన బట్ట మీద ఇనుము, బెల్లం పులిసిన నీళ్లు తగిలితే నలుపు తేలుతుంది. ఎరుపు మాత్రం అద్దేటప్పుడు ఉండదు. అద్దేది పటిక. తర్వాత రంగునీళ్లలో మరిగిస్తే, పటిక తగిలినచోటే ఎరుపు పట్టుకుంటుంది. ఇంకా పుట్టని రంగును మనసులో చూసుకుంటూ అద్దాలి.

17వ శతాబ్దంలో డచ్చివారి ఓడలు కోరమండల్ తీరపు అద్దకాలను జపాన్‌కు చేర్చాయి. ‘సరస’ పేరుతో అక్కడివారు వాటిని మురిపెంగా దాచుకున్నారు, తేనీటి వేడుక సామగ్రికి చుట్టుకున్నారు.

ఇప్పుడు కలంకారీ పేరుతో స్క్రీన్ ప్రింటు బట్ట కూడా దొరుకుతోంది. కొనేముందు అచ్చూ అచ్చూ కలిసేచోటు వెతకండి. అక్కడ రేఖ కాస్త పక్కకు జరిగినా, రంగు గీత దాటినా లోపమనుకోకండి. ఆ బట్టే కొనండి.