పేరు లేని సాక్షి

పీటర్ వైస్ 1965లో రాసిన 'విచారణ' నాటకంలో ముద్దాయిలు 18 మంది. అందరికీ నిజమైన పేర్లే వున్నాయి. సాక్షులు 9 మంది; వాళ్లకు అంకెలు తప్ప పేర్లు లేవు. ఆష్విట్జ్ శిబిరంలో పేరు పోగొట్టుకున్నవాడు కోర్టులోనూ పేరు లేకుండానే నిలబడ్డాడని రచయిత భావం. ఫ్రాంక్‌ఫర్ట్ విచారణ ఆధారంగా రాసిన ఆ నాటకంలో అది శిల్పం. ముప్పై యేళ్లకు అంతర్జాతీయ న్యాయస్థానాలలో అదే నిబంధన అయింది.

రువాండాలో 1994లో జరిగిన జాతి హత్యాకాండను విచారించడానికి ఐక్యరాజ్య సమితి టాంజానియాలోని అరూషాలో ట్రిబ్యునల్ నెలకొల్పింది. అక్కడ సాక్షికి పేరు బదులు అక్షరాలు. ప్రేక్షకులకు కనబడకుండా తెర. యీ యేర్పాటును తేలిగ్గా కొట్టిపారేసేవారు టాబా మేయరు అకయేసు కేసు చూడాలి. మొదటి అభియోగపత్రంలో అత్యాచారాల ప్రసక్తే లేదు. 1997 జనవరిలో ఒక తల్లి తన ఆరేళ్ల కూతురికి జరిగినది చెప్పింది. ఆ జూన్‌లో అభియోగపత్రం మారింది. అత్యాచారం కూడా జాతి నిర్మూలన కాగలదని 1998 సెప్టెంబరు 2న తీర్పు వచ్చింది. అంతర్జాతీయ న్యాయస్థానం అలా తేల్చడం అదే ప్రథమం. పేరు దాచుకున్న స్త్రీలు శాసనానికి అర్థం మార్చారన్నమాట.

ఐతే ఆ తెర కాపాడింది బయటివారి చూపు నుంచే. 2001 అక్టోబరు 31న బుటారే కేసులో, అత్యాచారానికి గురైన 'టి.ఏ.' అనే సాక్షిని ముద్దాయి వకీలు క్రాసు పరీక్ష చేస్తుండగా న్యాయమూర్తులు నవ్వారు. నవ్వింది వకీలు ప్రశ్నల తీరుకేనని సంజాయిషీ వచ్చింది. కావచ్చు. బోనులో వున్న మనిషికి ఆ తేడా యెలా తెలుస్తుంది?

అంతకన్న క్రూరమైనది మందు సంగతి. ట్రిబ్యునల్ నిర్బంధంలో వున్న ముద్దాయిలకు ఎయిడ్స్ మందులు అందేవి. వాళ్ల మీద సాక్ష్యం చెప్పి యింటికి వెళ్లిన స్త్రీలలో, అత్యాచారం వల్లనే ఆ జబ్బు సోకినవారికి, ఆ రోజుల్లో అవి అందలేదు. ఖైదీకి మందు యివ్వవలసిందే, అందులో తగవు లేదు. కాని ఖైదీ కోర్టు బాధ్యత. సాక్షి కోర్టుకు వట్టి రుజువు. రుజువు నమోదయ్యాక విమానం యెక్కించి పంపేశారు.

1998 నాటి రోమ్ శాసనం 68వ అధికరణం సాక్షుల భద్రతనూ గౌరవాన్నీ ఆరోగ్యాన్నీ కోర్టు బాధ్యత చేసింది. ముద్దాయి హక్కులకు భంగం కలగరాదని కూడా అదే అధికరణం అంటున్నది. కుట్ర కేసులు నడిచిన దేశంలో పుట్టిన మనం యీ రెండో మాటను చులకన చేయరాదు. తనపై సాక్ష్యం చెప్పేదెవరో ముద్దాయికి యెన్నటికీ తెలియకపోతే అది విచారణే కాదు.

కాబట్టి చిక్కు పేరు దాచడంతో తీరేది కాదు. అప్పటి కెన్యా ఉపాధ్యక్షుడు రూటో మీది కేసును హేగ్ న్యాయస్థానం 2016 యేప్రిల్ 5న నిలిపివేసింది. సాక్షులు కొందరు మాట మార్చారు, కొందరు తప్పుకున్నారు. ముద్దాయి దోషి అని తేలలేదు, నిర్దోషి అనీ తేలలేదు. సాక్షుల పేర్లు దాచిన కోర్టు హేగ్‌లో వుంది. వాళ్ల చుట్టాలూ పొలాలూ కెన్యాలో వున్నాయి.