అద్దాల వెనుక గదులు: ఈరో సారినెన్ ప్రదర్శనపై విమర్శ

2006లో హెల్సింకీలో మొదలై పలు నగరాలు తిరిగిన 'షేపింగ్ ది ఫ్యూచర్' ప్రదర్శన, వాస్తుశిల్పి ఈరో సారినెన్ జనరల్ మోటార్స్, ఐబీఎం, డీర్ వంటి సంస్థలకు రూపొందించిన భవనాలకు కళాఖండాల గౌరవం కల్పించింది. డీర్ కార్యాలయం అందుకు అర్హమే. పట్టిన తుప్పే రక్షణపొరగా మారే ఉక్కును భవన నిర్మాణంలోకి తెచ్చిన తొలి ప్రయత్నాలలో అది ప్రధానమైనది. న్యూజెర్సీలోని హోమ్‌డెల్ బెల్ ప్రయోగశాలకు మాత్రం ఈ దృష్టి చాలదు. ఛాయాచిత్రంలో అది ఆకాశాన్ని ప్రతిబింబించే అద్దాల కట్టడం. ప్లాను చూస్తే, అద్దాల వెంబడి ఉన్నవి నడవాలే. శాస్త్రజ్ఞుల గదులకు కిటికీలు లేవు. బయటి రూపాన్నే కొలిచే విమర్శ ఆ గదులలోకి అడుగుపెట్టదు. ప్రదర్శన మొదలైన ఏడాదే ఆ భవనాన్ని కూల్చే ప్రతిపాదన వెలువడింది. అప్పుడు కాపాడవలసింది అద్దాన్నా, గదుల అమరికనా అన్నది ఛాయాచిత్రాలతో తేలే ప్రశ్న కాదు.