చిటికెడు లాంథనం

నా మొదటి శీతాకాలంలో బిళ్లలు మాట వినలేదు. ఉత్తర ఇంగ్లండ్‌లో ఒక ప్రయోగశాల. బేరియం కార్బనేట్, టైటానియం డయాక్సైడ్, కొద్దిగా లాంథనం ఆక్సైడ్ తూచి, అగేట్ కల్వంలో నూరి, బిళ్లగా నొక్కి, 1350 డిగ్రీల దగ్గర కాల్చడం నా పని. అవే పాళ్లు, అదే కొలిమి. అయినా ఒక వారం బిళ్లకూ మరో వారం బిళ్లకూ పొంతన లేదు. విద్యుదావేశాన్ని పట్టి ఉంచే గుణం ఒక్కోసారి ఒక్కో ఉష్ణోగ్రత దగ్గర తారస్థాయికి చేరేది. కొలిమిని అనుమానించాను, కొలిచే తీగలను అనుమానించాను. దోషం సీసాలో ఉంది.

లాంథనం ఆక్సైడ్ గుల్ల సున్నానికి చుట్టం. నీళ్లు తగిలితే వేడెక్కుతుంది, గాలిలోని చెమ్మనూ తాగేస్తుంది. ఇక్కడ నవంబరు నుంచి మార్చి దాకా గాలంతా చెమ్మే. పూర్తిగా హైడ్రాక్సైడ్‌గా మారిన పొడిని 100 గ్రాములు తూస్తే అందులో దాదాపు 14 గ్రాములు నీరే. పైకి మాత్రం అదే తెల్లని పొడి. వెల్ల వేసే రోజున తొట్టిలో సున్నం కుతకుత ఉడకడం చిన్నప్పుడు ఎన్నిసార్లో చూశాను. దాని చుట్టాన్ని గుర్తుపట్టడానికి ఆరు వారాలు పట్టింది.

ఇంత కొద్ది తేడాకు అంత మార్పు ఎందుకు? లండన్ దగ్గర మిచమ్‌లో, ఫిలిప్స్ సంస్థలో పనిచేస్తూ హెలెన్ మెగా ఎక్స్-కిరణాలతో మా బిళ్లల పదార్థమైన బేరియం టైటనేట్ నిర్మాణాన్ని తేల్చారు. 1945లో నేచర్ పత్రికలో అచ్చయింది. ఆరు ఆక్సిజన్ల మధ్య టైటానియం, సుమారు 120 డిగ్రీలకు లోపు, నట్టనడుమ నిలవదు. ఒక పక్కకు ఒరుగుతుంది. బయటి విద్యుత్ క్షేత్రం లేకున్నా లోపలి ఆవేశాలు ఒక పక్కకు ఒరిగి ఉండే గుణమంతా, అంటే ఫెర్రోఎలక్ట్రిక్ గుణమంతా, ఆ ఒరుగులోనే ఉంది. రెండు ఆవేశాల బేరియం చోట మూడు ఆవేశాల లాంథనాన్ని కూర్చోబెడితే, ఎక్కువైన ఆవేశాన్ని స్ఫటికం ఎక్కడో సర్దుకోక తప్పదు.

వెయ్యి బేరియంలకు రెండు మూడు లాంథనాలు చాలు, గాలిలో కాల్చిన బిళ్ల ముదురు నీలమై కరెంటును పోనిస్తుంది. ఇంకాస్త వేస్తే మళ్లీ రంగు తేలి బంధకమవుతుంది. 1990ల చివర స్కాట్లండ్‌లోని ఆబర్డీన్ విశ్వవిద్యాలయంలో ఫిన్లే మారిసన్, డెరెక్ సింక్లెయిర్, ఆంథొనీ వెస్ట్ బృందం ఈ పద్దును ఓపికగా తేల్చింది. నాలుగు లాంథనాలు చేరితే ఒక టైటానియం చోటు ఖాళీ అవుతుంది, లెక్క సరిపోతుంది. కరెంటు పారడానికి కారణం అధిక వేడిలో పోయిన ఆక్సిజన్ అని వాళ్ల వాదన. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా గౌరవమున్న పని ఇదే.

పాత కలర్ టీవీ స్విచ్ వేయగానే ‘డుమ్’మన్న చప్పుడు గుర్తుందా? తెరకు పట్టిన అయస్కాంతత్వాన్ని చెరిపే తీగచుట్టలో క్షణంపాటు కరెంటు పారేది. దాన్ని అణచివేసింది ఇలా చిటికెడు వేరే మూలకం కలిపిన, అంటే డోపింగ్ చేసిన, బేరియం టైటనేట్ బిళ్లే. వేడెక్కితే దాని నిరోధం వేల రెట్లు పెరుగుతుంది. అదే తెర మీద ఎరుపును లాంథనం కుటుంబంలోని యూరోపియం ఇచ్చింది.

బిళ్ల విద్యుత్ గుణాన్నీ, యూరోపియం వెలుగునూ ఇప్పుడు ఒకే బిళ్లలో కలుపుతున్నారు. లాంథనం వెలగదు. యూరోపియం మాత్రం, అతినీలలోహిత కాంతి పడితే, 615 నానోమీటర్ల దగ్గర ఎర్రగా వెలుగుతుంది. చుట్టూ ఉన్న ఆక్సిజన్ల సౌష్ఠవం చెదిరితే ఆ ఎరుపు ఇంకా బలపడుతుంది. తీగ తగిలించకుండానే బిళ్ల లోపలి ఒరుగును రంగులో చదవవచ్చు. మొదటిసారి చీకటి గదిలో ఆ ఎరుపు చూసినప్పుడు చాలాసేపు దీపం వేయలేదు.

విశాఖలోనో హైదరాబాదులోనో ఈ పని మొదలుపెట్టే పిల్లలకు ఒక మాట. విశాఖ గాలి ఇక్కడి గాలి కన్నా పొడిదేమీ కాదు. లాంథనం ఆక్సైడ్‌ను వెయ్యి డిగ్రీల దగ్గర రాత్రంతా కాల్చండి. డెసికేటర్‌లో చల్లార్చి, బయటికి తీసిన వెంటనే తూచండి. అలా చేశామని వ్యాసంలో రాయండి కూడా.