లింకు పెట్టే చోటు

యానాం గురించి రాస్తూ ప్రతి మాటకీ లింకు తగిలిస్తే పాఠకుడు గౌతమి ఒడ్డు దాకా రాడు, మధ్యలోనే ఎటో పోతాడు. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో జీతం లేకుండా రాసే మంచి సంపాదకులకు ఈ సంగతి బాగా తెలుసు. నది, ఊరు లాంటి మాటల్ని వదిలేస్తారు. కానీ యానాంలో ఫ్రెంచి పాలన 1954లో ముగిసింది, చట్టప్రకారం విలీనం 1962లో జరిగింది అనగానే, ఆ ఎనిమిదేళ్లూ ఏమైందన్న సందేహం వస్తుంది. లింకు అక్కడ కావాలి, 1956 నాటి అప్పగింత ఒప్పందం అన్న మాటల మీదే. ‘ఇక్కడ నొక్కండి’ అనే లింకంటే నాకు ఒళ్లుమంట. ఒక పేరుకు మొదటిసారి పెడితే చాలు. ఇంకా పుట్టని వ్యాసానికి పెట్టే ఎర్ర లింకు మాత్రం మరీ ఇష్టం. యానాం సంగతుల్లో అలాంటిది కనిపిస్తే, తెలిసినవాళ్లు రాయడానికి పూనుకోండి.