బెలూన్‌నూ తలుచుకుందాం

మన ఖగోళ ఉపగ్రహం ఆస్ట్రోశాట్ మాట వచ్చినప్పుడల్లా అందరూ రాకెట్‌ని, ఉపగ్రహాన్ని మెచ్చుకుంటారు. నా మనసు మాత్రం హైదరాబాద్ ఈసీఐఎల్ దగ్గర పాలిథీన్ పట్టీలను వేడితో అతికి బెలూన్ తయారుచేసేవాళ్ల మీదికి పోతుంది.

ఆకాశం నుంచి వచ్చే ఎక్స్-కిరణాలను గాలి మధ్యలోనే మింగేస్తుంది. నేల మీద ఎంత పెద్ద టెలిస్కోపు పెట్టినా అవి చిక్కవు. బెలూన్‌తో 40 కిలోమీటర్ల ఎత్తుకు పోతే పైన మిగిలేది ఒక శాతం గాలి కూడా కాదు. 20 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి దాటిన కిరణాలు అక్కడిదాకా రాగలవు. 1962లో శాస్త్రవేత్త జకోనీ బృందం రాకెట్‌తో కనిపెట్టిన స్కో ఎక్స్-1 అనే ఎక్స్-కిరణ నక్షత్రాన్ని, 1968 ఏప్రిల్‌లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రిసెర్చ్ శాస్త్రవేత్తలు హైదరాబాద్ నుంచి వదిలిన బెలూన్‌తో చూశారు. మన దేశంలో ఎక్స్-కిరణ ఖగోళశాస్త్రానికి అదే మొదలు.

హైదరాబాదే ఎందుకంటే, ఇది భూ అయస్కాంత మధ్యరేఖకు దగ్గర. ఇక్కడ కాస్మిక్ కణాల్లో చాలావాటిని భూమి అయస్కాంత క్షేత్రమే వెనక్కి తిప్పేస్తుంది. దాంతో పరికరం లెక్కించే అనవసరపు కణాలు తగ్గుతాయి. అయితే చిక్కు కూడా ఈ అక్షాంశంలోనే ఉంది. 16, 17 కిలోమీటర్ల ఎత్తున చలి మైనస్ 80 డిగ్రీలు దాటుతుంది. మామూలు పాలిథీన్ అక్కడ అప్పడంలా పెళుసెక్కి పగిలిపోతుంది. అందుకే ఆ చలికి తట్టుకునే ఫిల్మ్‌ను ఇక్కడివాళ్లు పట్టుబట్టి సాధించారు. ఎన్నో ఏళ్ల శ్రమతో చేసిన టెలిస్కోపు భారమంతా ఆ పల్చటి పొర మీదే. ఒక్క అతుకు విడిపోతే అంతా పోయినట్టే. ఈ పనికి దక్కాల్సినంత గౌరవం దక్కలేదని నా బాధ.

పైకి చేరాక చేతికొచ్చే సమయం కొన్ని గంటలే. జెనాన్ వాయువు నింపిన కౌంటర్లు కాసేపు నక్షత్రం వైపు, కాసేపు పక్కనున్న ఖాళీ ఆకాశం వైపు చూస్తాయి. ఆ రెండు లెక్కల తేడాయే నక్షత్రం పంపిన సమాచారం. ఈ విద్య ఇలా పండి పండి, 2015లో ఆస్ట్రోశాట్‌తో పాటు వెళ్లిన లాక్స్‌పీసీ పరికరంగా కక్ష్యకు ఎక్కింది.

ఉపగ్రహానికి లేని వరం బెలూన్‌కి ఒకటుంది. పరికరం పారాచూట్‌తో దిగి వస్తుంది. బాగుచేసి మళ్లీ పంపవచ్చు. పొలంలో పడిన పెట్టెను ముట్టుకోవద్దు, పోలీసులకు చెప్పండి అని ముందే ప్రకటనలు వస్తాయి. ఆ పెట్టె ఏ నక్షత్రాన్ని చూసి వచ్చిందో కూడా తెలుగులో ఒక్క ముక్క రాస్తే బాగుంటుంది. దాన్ని మొదట చూసే రైతుకు అది తెలియాలి.